పడవకు కుట్టు వేసిన ఆడవాళ్ళు

పోయిన చలికాలం ఒక రాత్రి భోజనాల దగ్గర మా పెద్దాడు మెల్లగా మాట వదిలాడు. "అమ్మా, నేనూ నాన్నా కలిసి గరాజ్‌లో ఒక కయాక్ చేద్దామనుకుంటున్నాం."

కయాక్ అంటే మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ. మేముండేది సియాటిల్ పక్కన. ఎండలు మొదలయ్యాయంటే చాలు, ఇక్కడ కార్ల నెత్తిన పడవలు ఊరేగుతుంటాయి.

మావారు పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నారు. అంటే ఇద్దరూ ముందే అనుకున్నారన్నమాట. "చూద్దాంలే" అని లేచి వెళ్ళి అంట్లు సర్దడం మొదలుపెట్టాను. మా ఇంట్లో "చూద్దాంలే" అంటే వద్దని అర్థం.

నాకు నీళ్ళంటే భయం. అది అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చిన భయం. మా అమ్మమ్మ వాళ్ళది కోనసీమలో వైనతేయ పాయ ఒడ్డున ఒక ఊరు. అమ్మకి పన్నెండేళ్ళప్పుడు, వరద రోజుల్లో, కొబ్బరికాయల లోడుతో అవతలి ఒడ్డు నుంచి వస్తున్న నాటు పడవ ఒకటి నడి ఏట్లో మునిగిపోయింది. పలకల మధ్య అతుకు విచ్చుకుందట. అందులో మా పెదమామయ్య ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళు. నేను ఆయన్ని గోడమీద ఫోటోలోనే చూశాను. అమ్మమ్మ మళ్ళీ రేవులోకి దిగలేదు. ఎప్పుడైనా మాట వస్తే ఏటిని తిట్టేది కాదు, వరదనీ తిట్టేది కాదు. "ఆ అతుకు వేసిందెవరో" అనేది, అంతే. పోయేదాకా అదే మాట.

ఇప్పుడు మావాడికి పదిహేడు నిండాయి.

అడ్డం చెప్పాలంటే కారణాలు కావాలి కదా. అందుకని ఆ వారమంతా వాళ్ళు ఏం చేయబోతున్నారో నేనూ చదివాను. ఇంట్లో కయాక్ చేసుకునే పద్ధతులు చాలానే ఉన్నాయి. సన్నటి దేవదారు బద్దీలు ఒకదాని పక్కన ఒకటి అతికించి చేసేది ఒకటి. చూడ్డానికి వీణలా ఉంటుంది, నెలల తరబడి పని. ప్లైవుడ్ ముక్కల్ని తీగతో కుట్టి, జిగురు పట్టించేది ఇంకొకటి. మూడోది అన్నిటికన్నా పాతది. కర్రతో చట్రం కట్టి, దానిమీద తోలు తొడగడం. ఇప్పుడు తోలు బదులు మందపాటి నైలాన్ గుడ్డ తొడిగి, పైన నీరు పట్టని పూత పూస్తారు. మావాళ్ళు ఎంచుకున్నది ఇదే. కారణం కూడా చెప్పారు. ఖరీదు తక్కువ, పెద్ద యంత్రాలు అక్కర్లేదు, పూర్తయ్యాక ఒక్కరే భుజాన వేసుకు నడవచ్చు. దుకాణంలో దొరికే ప్లాస్టిక్ కయాక్ పాతిక కిలోలు తూగితే, ఇది పదిహేను కిలోలు.

గుడ్డతో పడవ! నాకు కావలసిన కారణం దొరికిందనుకున్నాను. కానీ చదువుతూ పోయేసరికి ఆ గుడ్డ వెనక ఆడవాళ్ళు కనిపించారు. ఈ కబురు చెప్పాలనిపించిందే వాళ్ళ కోసం.

ఈ పడవ పుట్టింది ఆర్కిటిక్ మంచు తీరాల్లో. గ్రీన్లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా, సైబీరియా తూర్పు కొస. గ్రీన్లాండ్ వాళ్ళు దీన్ని ఖయాఖ్ అంటారు, మనం పలికే మాట దాన్నుంచి వచ్చిందే. గ్రీన్లాండ్ పడమటి తీరంలో సుమారు 4,000 ఏళ్ళ కిందట మనుషులున్న చోట తవ్వితే, ఇలాంటి పడవ చట్రం ముక్కలు బయటపడ్డాయి. ఆ తీరాల్లో పడవకి పనికొచ్చే చెట్టు మొలవదు. మరి కర్ర ఎక్కడిదంటే, సైబీరియా నదుల్లో కొట్టుకుపోయిన దుంగలు సముద్రపు మంచులో చిక్కుకుని, ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి, ఇటు ఒడ్డుకి చేరేవి. అలా దొరికిన కర్ర ఎంత అపురూపమో ఊహించండి. అందుకే పడవ మొత్తం కర్రతో చేసే మాటే లేదు. సన్నటి చట్రం మాత్రం కర్రది. నీళ్ళని ఆపేదంతా సీల్ అనే సముద్రపు జంతువు తోలు.

ఇక కొలతలు వింటే మీకు నవ్వొస్తుంది. టేపు లేదు, స్కేలు లేదు. గ్రీన్లాండ్ పద్ధతిలో పడవ పొడవు, అది ఎక్కే మనిషికి మూడు బారలు. కూర్చునే చోట వెడల్పు, అతని తుంటి వెడల్పు మీద రెండు పిడికిళ్ళు. లోతుకి కూడా పిడికిలీ బొటనవేలే లెక్క. మనం బార, మూర, జాన, బెత్తెడు అని కొలుచుకున్నట్టే. అన్నదమ్ములకి కూడా ఒకరి కయాక్ ఇంకొకరికి సరిగ్గా కుదరదు. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకున్నట్టు ఒంటికి కొలిచి చేసిన పడవ అది. దాన్ని ఎక్కడం అనరాదు, తొడుక్కోవడం అనాలి.

చట్రం కట్టడం మగవాళ్ళ పని. తోలు పని మొత్తం ఆడవాళ్ళది. సీల్‌ని వేటాడి ఒడ్డుకి తెచ్చాక మొగుడి పని అయిపోయేది. కోయడం, తోలు వలవడం, లోపలి కొవ్వు గీకడం, వెంట్రుకలు రాల్చడం, సాగదీయడం భార్య చేసేది. ఉలు అని అర్ధచంద్రాకారపు కత్తి ఉంటుంది వాళ్ళకి. మన కత్తిపీట ఎంత మనదో అది అంత వాళ్ళది. ఎముకతో చేసిన సూదులు, వాటిని దాచుకునే చిన్న గొట్టం, వేలికి తోలు తొడుగు. దారం అంటే పెద్ద జంతువు వీపు నరాన్ని ఎండబెట్టి పోగులుగా చీల్చింది. ఆ దారంలో ఒక గుణం ఉంది. తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బి, సూది చేసిన కంతని తనే మూసేస్తుంది.

అయినా వాళ్ళు ఆ ఉబ్బు మీదే భారం వేయలేదు. అసలు కంతే పడకుండా కుట్టేవాళ్ళు. మనం చీరకి ఫాల్ కుట్టేటప్పుడు పైకి కనపడకుండా ఒక్క పోగునే సూదితో ఎత్తుతాం చూడండి, అచ్చం అలాగే. తోలు మందంలో సగం దాకా సూది దించి, అవతలికి రాకుండా పక్కకి తీసేస్తారు. రెండు తోళ్ళ అంచులు ఒకదానిమీద ఒకటి వేసి, ఒకవైపు అలా కుట్టి, మళ్ళీ రెండో అంచుని ఇంకో వైపు నుంచి అలాగే కుడతారు. రెండు వరసల కుట్టు ఉంటుంది కానీ, ఈ వైపు నుంచి ఆ వైపుకి తిన్నగా పోయే కంత ఒక్కటీ ఉండదు. తరవాత కుట్టు మీద కొవ్వు రాస్తారు.

చాలాచోట్ల ఈ పని ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా కలిసి ఒక్క బిగిన చేసేవాళ్ళు. తోలు తడిగా ఉన్నప్పుడే చట్రం మీదకి లాగి కుట్టాలి. ఎండితే బిగుసుకుపోయి డప్పులా మోగాలి. మధ్యలో ఆపితే తోలు ఎండిపోతుంది, ముడత పడుతుంది. మన ఊళ్ళో అప్పడాల రోజు గుర్తొచ్చింది నాకు. పిండి కలిపాక ఆగేది లేదు, ఒకరు ఉండలు చేస్తుంటే ఇంకొకరు ఒత్తుతూ ఉండాల్సిందే. ఇంత చేసినా ఆ తోలు ఏడాదో రెండేళ్ళో. మళ్ళీ కొత్త తోలు, మళ్ళీ కుట్టు. చట్రం ఒకసారి కట్టేది, కుట్టు బతుకంతా వేసేది.

పడవకి కుట్టాక మనిషికీ కుట్టాలి. గ్రీన్లాండ్‌లో తుయిలిక్ అనే తోలు అంగీ ఉంటుంది. దాని కింది అంచుని పడవలో కూర్చునే కంత చుట్టూ బిగిస్తారు. ముఖం, మణికట్లు మాత్రం బయట. పడవ తిరగబడినా చుక్క లోపలికి రాదు, వాడు తెడ్డు వేసి మళ్ళీ పైకి లేస్తాడు. అలాస్కా పక్కన అలూషియన్ దీవుల ఆడవాళ్ళయితే సముద్రపు జంతువుల పేగుల్ని శుభ్రం చేసి, గాలి ఊది ఆరబెట్టి, పట్టీలుగా కత్తిరించి అంగీలు కుట్టేవాళ్ళు. గ్లాస్ కాగితంలా పల్చగా ఉండి, వాన ఆపుతాయి.

ఆ నీళ్ళలో మనిషి పడితే నిమిషాల లెక్క. గ్రీన్లాండ్‌లో కయాక్ మీద వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళు ప్రతి తరంలోనూ ఉన్నారు. పోయినవాడితో ఆ ఇంటి తిండి కూడా పోయేది. అంటే భర్త పొద్దున్నే వెళ్ళేది తన భార్య వేసిన కుట్టుని నమ్మి. ఆవిడ ఒడ్డున నిలబడి చూసేది తన కుట్టునే. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మమ్మ అడిగిన ప్రశ్నకి ఆ ఊళ్ళలో జవాబు ఎప్పుడూ ఇంట్లోనే ఉండేది. అతుకు వేసిందెవరో అందరికీ తెలుసు.

వాళ్ళకి ఇంకో పడవ కూడా ఉంది. ఉమియాక్. అదీ చట్రం మీద తోలే, కానీ పెద్దది, పైన తెరిచి ఉంటుంది. ఇంటిల్లిపాదీ, గుడారం, వంట సామాను, కుక్కలు, అన్నీ ఎక్కించుకుని ఎండాకాలం మకాంకి వెళ్ళేది అందులోనే. గ్రీన్లాండ్‌లో దాన్ని నడిపేది ఆడవాళ్ళు. అందుకే డెన్మార్క్ వాళ్ళు దానికి ఆడవాళ్ళ పడవ అనే పేరు పెట్టారు. గుస్తావ్ హోల్మ్ అనే డేనిష్ నౌకాధికారి 1883 నుంచి 1885 దాకా, తెల్లవాళ్ళెవరూ సరిగా చూడని గ్రీన్లాండ్ తూర్పు తీరం వెతుక్కుంటూ వెళ్ళి, 1884లో అమ్మస్సాలిక్ అనే చోటికి చేరాడు. పెద్ద ఓడలు మంచులో చిక్కుకునే దారి అది. అందుకని తోలు పడవల్లో వెళ్ళాడు. ఆ యాత్రని చరిత్రలో ఇప్పటికీ ఆడవాళ్ళ పడవ యాత్ర అనే అంటారు. మంచుగడ్డల మధ్య తెడ్లు వేసిన గ్రీన్లాండ్ స్త్రీల పేర్లు మాత్రం హోల్మ్ పేరులాగా ఎవరి నోటా వినపడవు.

ఈ చేతిపని వల్ల కష్టాలు కూడా వచ్చాయి. 1741లో బేరింగ్ యాత్ర అలాస్కా తీరం చూసి వచ్చాక, రష్యా బొచ్చు వ్యాపారులు అలూషియన్ దీవుల మీద పడ్డారు. వాళ్ళకి కావలసింది సముద్రపు నీటిపిల్లి తోలు. దాన్ని వేటాడ్డం ఈ తోలు పడవల్లో తిరిగే మగవాళ్ళకే చేతనయింది. అందుకని ఆడవాళ్ళనీ పిల్లల్నీ తాకట్టు పెట్టుకుని మగవాళ్ళని వేటకి తరిమారు. నెలల తరబడి మగవాళ్ళు దూర సముద్రాల్లో ఉంటే, ఇంటి దగ్గర చేప, మాంసం తెచ్చేవాళ్ళు లేక ఆకలి. ఆ వేటకి పడవల తోళ్ళు, అంగీలు కుట్టింది కూడా ఆ ఆడవాళ్ళే. తమ సంకెలని తామే కుట్టుకోవడమంటే ఇదేనేమో.

ఇరవయ్యో శతాబ్దంలో గ్రీన్లాండ్ నీళ్ళు కాస్త వేడెక్కాయి. సీల్‌లు తగ్గాయి, కాడ్ చేప పెరిగింది. వేట పోయి చేపల పని వచ్చింది, కర్ర పడవలు, మోటారు పడవలు వచ్చాయి. ఆడవాళ్ళ పడవ కనుమరుగైంది. కయాక్ కూడా పోయేదే, కానీ 1980 దశకంలో గ్రీన్లాండ్ కుర్రాళ్ళు క్లబ్బులు పెట్టి, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని మళ్ళీ నేర్చుకున్నారు. మా గరాజ్ దాకా వచ్చింది ఆ విద్యే.

మనకి కొత్తేమీ కాదండోయ్. తుంగభద్ర మీద పుట్టి ఎక్కారా ఎప్పుడైనా? వెదురు బుట్ట అల్లి దానికి తోలు తొడిగేవాళ్ళు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, బుట్టల్లా గుండ్రంగా తిరుగుతూ పోయే ఈ తోలు పడవల గురించి రాసిపెట్టాడు. ఒక్కోదాంట్లో పదిహేను ఇరవై మంది ఎక్కేవారట. మన తూర్పు తీరంలో మసూలా పడవలని ఉండేవి, పలకల్ని మేకులతో కొట్టకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు. అల వచ్చి గుద్దితే మేకు పడవ పగులుతుంది, కుట్టు పడవ కాస్త వంగి ఊరుకుంటుంది. కయాక్ చట్రంలో కూడా మేకులుండవు. కర్ర చీలలు, తాడు కట్లే. కారణం అదే.

ఇదంతా చదివి నేను ఒప్పుకున్నానని కాదు. నేను ఒప్పుకోకముందే మావాళ్ళు కర్ర తెచ్చేశారు. రెండు నెలలు శని, ఆదివారాలు గరాజ్‌లోనే. పొడుగాటి పెట్టెలో ఆవిరి పెట్టి, ఓక్ బద్దీల్ని వంచి పక్కటెముకలు చేశారు. ఆవిరి నుంచి తీశాక వంచడానికి కొన్ని క్షణాలే సమయం. "ఇడ్లీ తీసినట్టు తీయాలి నాన్నా" అని వాడు అరుస్తుంటే, పది బద్దీలు విరిగాక గానీ మావారికి చెయ్యి కుదరలేదు. ఏడాదిగా నాలుగు మాటలు మించి మాట్లాడని తండ్రీకొడుకులు అక్కడ నవ్వుకోవడం వంటింట్లోకి వినపడేది.

చట్రం పూర్తయిన రోజు వాడు లోపలికొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, గుడ్డ కుట్టాలి. నేను కుట్టగలను గానీ నీ చెయ్యి వేరు."

వాడికి అమ్మమ్మ సంగతి తెలియదు. పెదమామయ్య సంగతీ తెలియదు. ఆ రోజు గరాజ్‌లో చట్రం పక్కన కూర్చోబెట్టి మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత, "అయితే వద్దులే అమ్మా" అన్నాడు.

"సూది ఏది?" అన్నాను.

గుడ్డని చట్రం మీద బోర్లా పరిచి, పడవ పైభాగంలో నడిమధ్యన రెండు అంచులూ కలిపి కుట్టాలి. వంపు తిరిగిన సూది, మైనం పట్టించిన దారం. మొదటి వరస గుడ్డని బిగించడానికి. మిగిలిన అంచుని లోపలికి మడిచి రెండో వరస. అయిదు మీటర్ల పైచిలుకు పొడవు, రెండుసార్లు. తండ్రీ కొడుకూ చెరోవైపు గుడ్డ లాగి పట్టుకుంటే నేను కుట్టాను. రెండు రోజులకి వేళ్ళు కమిలిపోయాయి. రెండో రోజు రాత్రి అందరూ పడుకున్నాక టార్చి వేసుకుని వెళ్ళి వేలితో తడిమాను. వెనక కొస దగ్గర ఒక జానెడు మేర కుట్టు వదులుగా ఉంది. ఎవరికీ కనపడదు. పైన పూత ఎలాగూ పూస్తారు. విప్పేసి మళ్ళీ కుట్టాను. తెల్లవారుజామున మూడైంది.

పూత ఆరి, వాసన పోయాక, జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే సమామిష్ చెరువుకి తీసుకెళ్ళాం. లైఫ్ జాకెట్ బకిల్ నేనే పెట్టాను, రెండుసార్లు లాగి చూశాను. వాడు సిగ్గుపడ్డాడు గానీ ఊరుకున్నాడు. ఎండ పడితే గుడ్డలోంచి పక్కటెముకల నీడలు కనపడుతున్నాయి. ఒడ్డున నిలబడి నేను మా వాణ్ణి చూడలేదు. వెనక కొస దగ్గర జానెడు కుట్టునే చూస్తూ నిలబడ్డాను.

అరగంటకి తిరిగొచ్చాడు. దిగగానే పడవని పక్కకి వంచి, లోపల చెయ్యి పెట్టి తడిమాను. ముందు భాగం పొడిగా ఉంది. వెనక ఒక చెంచాడు నీళ్ళు. అవి వాడి కాళ్ళతో వచ్చిన నీళ్ళని మావారు, కుట్టులోంచి వచ్చినవని నేను. తేలలేదు. అక్కడ ఇంకో పూత వేయించాకే మళ్ళీ దింపనిచ్చాను.

మ్యూజియంలో ఇలాంటి పాత పడవల పక్కన పెట్టే చీటీలో ఏ ఊరిది, ఏ ఏడాదిది, ఎవరు సేకరించారు అని ఉంటుంది. కుట్టినావిడ పేరు ఉండడం అరుదు. మా పడవకి పేరు పెట్టమంటే మావాడు అమ్మమ్మ పేరు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. కూర్చునే చోట, లోపలి కర్ర మీద, చెయ్యి పెడితే తగిలేలా వాడు చిన్న ఉలితో రెండు మాటలు చెక్కాడు. కుట్టు: అమ్మ.

రాత్రి ఇండియాకి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. కాసేపు ఉలుకూ పలుకూ లేదు. తరవాత అడిగింది, "దారం ఒంటి పోగా, రెండు పోగులా?"

"రెండు" అన్నాను.

"మంచిది" అంది.